ఆ ఊరి ఓటుకు బుద్ధి చెప్పేవాళ్ళు

వెల్చ్ ఊరివాళ్ళకు బుద్ధి లేదని తేలిపోయింది. తేల్చినవాళ్ళు ఆషామాషీ మనుషులు కారు. న్యూయార్క్ పత్రికల వాళ్ళు తేల్చారు, వాషింగ్టన్ టీవీ పండితులు తేల్చారు, గ్రామీణ మనస్తత్వం మీద డాక్టరేట్లు పుచ్చుకున్న ప్రొఫెసర్లు తేల్చారు. ఆఖరికి డాలస్‌లో శనివారం రాత్రి బిర్యానీ గిన్నె చుట్టూ చేరిన మనవాళ్ళు కూడా తేల్చేశారు. అమెరికాలో ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం ఎప్పుడోగానీ జరగదు. జరిగిందంటే ఆ మాటను కాస్త అనుమానించడం మంచిది.

వెల్చ్ ఎక్కడుందంటారా? వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు దక్షిణపు కొసన, అపలాచియన్ కొండల సందున, మెక్‌డవెల్ అనే కౌంటీకి ముఖ్యపట్టణం. బొగ్గు ఊరు. 1941లోనే ఇక్కడ మున్సిపాలిటీ వాళ్ళు కార్లు పెట్టుకోవడానికి మేడ కట్టారు. దేశంలో అలాంటిది ఇదే మొదటిదని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అన్ని కార్లుండేవి మరి. 1950లో కౌంటీ జనాభా 98,887. 2020లో 19,111. ఇప్పుడు కారు ఎక్కడైనా ఆపుకోవచ్చు.

ఉన్న ఆ 19 వేలలోనూ కొందరు తమంతట తాము వచ్చినవాళ్ళు కారు. ఊరికి ఈ మధ్య వచ్చిన పెద్ద పరిశ్రమ జైలు. కొండ మీద ఫెడరల్ ప్రభుత్వం ఒకటి కట్టింది. ఊళ్ళో ఒకప్పటి స్టీవెన్స్ క్లినిక్ ఆసుపత్రి మూతబడితే ఆ భవనం జైలయింది. రోగులు పోయారు, ఖైదీలు వచ్చారు, మంచాలు మాత్రం ఖాళీ లేవు. జనాభా లెక్కల్లో ఖైదీ తల కూడా తలే. ఓటు మాత్రం ఉండదు.

ఇక అధ్యక్ష ఎన్నికలైన ప్రతిసారీ ఈ ఊరికి ఒక జాతర వస్తుంది. విలేఖరి విమానం దిగి, అద్దె కారు తీసుకుని, ఫోన్ సిగ్నల్ అందని కొండదారుల్లో గంటలకొద్దీ తిరిగి వస్తాడు. రాగానే కాఫీ దొరికే చోటు వెతుక్కుంటాడు. అక్కడ నెత్తిన టోపీ, గళ్ళ చొక్కా, ఊపిరి పీలిస్తే గుర్రుమనే గుండె ఉన్న ఒక పెద్దాయన కూర్చుని ఉండాలి. లేకపోతే వచ్చేదాకా ఆగుతాడు. వచ్చాక ఒకే ప్రశ్న: "ట్రంప్‌కు ఓటేసినందుకు పశ్చాత్తాపపడుతున్నారా?" పెద్దాయన "లేదు" అంటాడు. విలేఖరి నోట్‌బుక్కులో "పాపం" అని రాసుకుంటాడు. ఫొటోగ్రాఫర్ తుప్పుపట్టిన బొగ్గు యంత్రాన్నీ, అద్దాలు పగిలిన దుకాణాన్నీ, వరండాలో వేలాడే జెండానూ తీసుకుంటాడు. ఆ మూడూ 2016 నుంచీ ఉన్నచోటే ఉన్నాయి. పాత ఫొటోలు వాడుకుంటే ప్రయాణ ఖర్చయినా మిగిలేది. ఎవరూ కాఫీ ఇచ్చిన మనిషిని మాత్రం అడగరు: ఈ హోటలుకు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయమ్మా అని.

పశ్చాత్తాపం అడగడానికి వచ్చిన ఈ పెద్దమనుషుల లెక్క ప్రకారం వెల్చ్ చేసిన తప్పు, తన ప్రయోజనానికి వ్యతిరేకంగా ఓటేయడం. సరే, ఆ ప్రయోజనం ఎవరి దగ్గరుందో చూద్దాం. ఈ ఊరు అందరి దగ్గరికీ వెళ్ళి అడిగింది.

1960 మే 10. వెస్ట్ వర్జీనియాలో డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీ, అంటే అధ్యక్ష అభ్యర్థిని పార్టీ ఎంచుకునే ఎన్నిక. కేథలిక్కైన కెన్నెడీ ఒకవైపు, హ్యూబర్ట్ హంఫ్రీ మరోవైపు. ప్రొటెస్టెంట్లు నిండిన ఈ కొండజనం కేథలిక్‌కు చచ్చినా ఓటెయ్యరని అప్పటి పండితులు తేల్చారు. చూశారా, తేల్చడం అప్పటినుంచే ఉంది. కెన్నెడీ దాదాపు 61 శాతంతో గెలిచాడు, అధ్యక్షుడయ్యే దారి అక్కడ తెరుచుకుంది. డబ్బు కూడా గట్టిగానే పారిందని చరిత్రకారులు రాశారు. తెలుగు పాఠకుడికి ఆ వాక్యం విడమరచి చెప్పక్కర్లేదు.

కెన్నెడీ కృతజ్ఞత ఉన్నవాడు. గద్దెనెక్కిన మర్నాడే పేదలకు తిండి పెంచమని తొలి ఉత్తర్వు ఇచ్చాడు. 1961 మే 29న కొత్త ఫుడ్ స్టాంపుల పథకంలో దేశంలోనే తొలి కూపన్లు మెక్‌డవెల్ కౌంటీలో ఇచ్చారు. 15 మంది ఉన్న ఒక కుటుంబం 95 డాలర్ల కూపన్లు తీసుకుంది. అప్పట్లో అవి ఊరికే ఇచ్చేవారు కారు. కొంత సొమ్ము కట్టి, అంతకన్నా ఎక్కువ విలువ చేసే కూపన్లు పుచ్చుకోవాలి. ఆ కూపన్లతో వాళ్ళు మొదట కొన్న సరుకు, పందిమాంసం ముక్కలు కలిపిన చిక్కుడుగింజల డబ్బా ఒకటి. దేశానికి వెలుగిచ్చే బొగ్గును నేల కింద పెట్టుకున్న కౌంటీకి ప్రభుత్వం పంపిన మొదటి బహుమతి అది. డబ్బాను వెక్కిరించడం లేదు. ఆకలిగొన్నవాడికి డబ్బా డబ్బాయే. కానీ వాళ్ళు అడిగింది పని. వచ్చింది కూపను. అరవై ఏళ్ళు దాటినా ఈ చిన్న తేడా ఏ పార్టీ కార్యాలయానికీ చేరలేదు.

పని ఎటు పోయింది? ఒబామా ఎత్తుకుపోయాడని బొగ్గు కంపెనీలు చెబుతాయి, పర్యావరణం వాళ్ళు తినేశారని ట్రంప్ చెబుతాడు. ఒబామా పుట్టకముందే ఆ పని సగం పోయింది. 1950లో గని కార్మికుల నాయకుడు జాన్ ఎల్. లూయిస్ యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు: యంత్రాలు దించుకోండి, మేం అడ్డురాం, మిగిలినవాళ్ళకు మంచి జీతం, వైద్యం ఇవ్వండి. యజమానులు మొదటి సగాన్ని తు.చ. తప్పకుండా పాటించారు. 1980లలో పక్కనున్న గ్యారీలో యు.ఎస్. స్టీల్ తన గనులు మూసుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత చవక గ్యాసు వచ్చి విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు పొయ్యిలు ఆర్పింది. 1923లో అమెరికా మొత్తం మీద 8 లక్షల 60 వేలకు పైగా బొగ్గు కార్మికులుండేవారు. 2017లో ట్రంప్ వచ్చేనాటికి మిగిలింది ఏభై వేలు. ఆయన దిగిపోయేనాటికి ఇంకా తగ్గారు. భూమి విషయం చెప్పనే లేదు: కౌంటీలో పెద్ద భాగం నేల ఊళ్ళో ఉండని కంపెనీల పేర ఉంది. ఊరు ఊరివాళ్ళది, ఊరి కింది నేల మాత్రం ఇంకెవరిదో. ఇలాంటి చోట ఓటు వేసి ఏం పీకుతావని ఎవడైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం.

అయినా వేశారు. 1972లో నిక్సన్ తర్వాత నలభై ఏళ్ళు ఏ రిపబ్లికన్నూ ఈ కౌంటీలో గెలవలేదు. రేగన్ గాలి దేశమంతా వీచిన 1984లోనూ వీళ్ళు కదల్లేదు. 2008లో నల్లజాతి అభ్యర్థికి, అంటే ఒబామాకు, 53 శాతం ఓట్లిచ్చారు. ఈ అంకె మన పండితులకు పంటికింద రాయి. "వాళ్ళంతా జాతివివక్షతోనే అలా ఓటేస్తారండీ" అని ఒక్క ముక్కలో తేల్చే సౌకర్యాన్ని అది చెడగొడుతుంది. అలాగని ఈ కొండల్లో వర్ణద్వేషం లేదనీ అనలేం. 2012లో వెస్ట్ వర్జీనియా డెమోక్రాటిక్ ప్రైమరీలో ఒబామా మీద టెక్సస్ జైల్లో ఉన్న ఖైదీ ఒకడు 2,500 డాలర్లు కట్టి పోటీ చేస్తే, అతనికి 41 శాతం ఓట్లు వచ్చాయి. జైలునుంచి నామినేషన్ వేయడం మనకు కొత్త కాదు, మన దగ్గరైతే గెలుస్తారు కూడా. కానీ సిటింగ్ అధ్యక్షుడి మీద, సొంత పార్టీలో! ఆ ఓట్లలో బొగ్గు కోపం ఎంత, తోలు రంగు మీద కోపం ఎంత అని వేరుచేసే త్రాసు ఎవరి దగ్గరా లేదు. అదే ఏడాది నవంబరులో మెక్‌డవెల్ ఒబామాకు ఇచ్చింది 34 శాతం.

2016 జనవరిలో ఊరి పక్క కింబల్‌లో ఉన్న వాల్‌మార్ట్ మూతబడింది. నవ్వకండి. గనులు పోయాక కౌంటీలో ఉద్యోగాలిచ్చిన పెద్ద చోట్లలో అదొకటి, పేదలకు తిండి పంచే సంస్థకు సరుకు పంపిన చోటు కూడా అదే. మార్చిలో హిల్లరీ క్లింటన్ టీవీ సభలో మాట్లాడుతూ, బొగ్గు కార్మికులనూ బొగ్గు కంపెనీలనూ చాలామందిని వ్యాపారంలోంచి తప్పించబోతున్నాం అన్నారు. ఆ వాక్యానికి ముందూ వెనకా మంచి మాటలున్నాయి, బొగ్గు ప్రాంతాలకు 3,000 కోట్ల డాలర్ల పథకం కూడా ఉంది. ఎవరు చదివారు? పథకం ఆవిడ వెబ్‌సైట్‌లో ఉంది, వాక్యం అందరి నోళ్ళలో ఉంది. మే 5న ట్రంప్ చార్ల్‌స్టన్ సభలో గని కార్మికుడి హెల్మెట్ పెట్టుకుని, చేతిలో పార ఉన్నట్టు గాలిలో తిప్పి చూపించాడు. పార పట్టిన చేయి కాదని చూసిన ప్రతివాడికీ తెలుసు. అయితేనేం, ఆ వేషమైనా వేసినవాడు ఒక్కడున్నాడు గదా అనుకున్నారు.

మే 10న ప్రైమరీ. కెన్నెడీ గెలిచిన రోజుకు సరిగ్గా 56 ఏళ్ళు. మెక్‌డవెల్ కౌంటీ డెమోక్రాట్ల పెట్టెలో సోషలిస్టునని చెప్పుకునే బెర్నీ శాండర్స్‌ను గెలిపించింది, పక్కనున్న రిపబ్లికన్ల పెట్టెలో ట్రంప్‌ను గెలిపించింది. పండితుల కొలతబద్ద మీద వీళ్ళిద్దరూ చెరో కొసన ఉంటారు. వెల్చ్ వాళ్ళు ఆ బద్దను పక్కకు తిప్పి చూశారు: ఇద్దరూ ఇప్పటిదాకా ఏలినవాళ్ళను తిట్టేవాళ్ళే. నవంబరులో తిట్టే మనిషి ఒక్కడే బరిలో మిగిలాడు. నాలుగింట మూడొంతుల ఓట్లు అతనికి పడ్డాయి.

ఇప్పుడు జిమ్ జస్టిస్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. బొగ్గు గనుల కోటీశ్వరుడు. ఆయన కంపెనీలు పన్నులూ గని భద్రతా జరిమానాలూ కట్టకుండా బాకీ పడ్డాయని కేసుల మీద కేసులు. 2016లో డెమోక్రాట్‌గా నిలబడి గవర్నరయ్యాడు. గద్దెనెక్కి ఏడు నెలలు తిరక్కుండానే, 2017 ఆగస్టు 3న, హంటింగ్టన్‌లో ట్రంప్ సభావేదిక ఎక్కి అక్కడికక్కడే కండువా మార్చాడు. మనవాళ్ళయితే నియోజకవర్గ అభివృద్ధి కోసం అని ఓ ముక్క అంటారు. ఆ మాత్రం మర్యాద కూడా అక్కడ అవసరం పడలేదు. ఆయన దగ్గర బేబీడాగ్ అనే బుల్‌డాగ్ ఉంది. కోవిడ్ టీకా వేయించుకోండి, బేబీడాగ్ కోసం వేయించుకోండి అని ప్రచారం చేశాడు, లాటరీ పెట్టాడు. పథకాలకు తాతల పేర్లూ తండ్రుల పేర్లూ పెట్టుకునే రాష్ట్రంనుంచి చూస్తే, కుక్క పేరు కొంత నిజాయితీగానే కనిపిస్తుంది.

అసలు కథ 2021 డిసెంబరులో జరిగింది. సెనేట్‌లో చెరిసగం బలాలున్నప్పుడు, ఇదే రాష్ట్రపు డెమోక్రాట్ జో మాంచిన్ ఒక్కడు తలడ్డంగా ఊపి బైడెన్ పెద్ద సంక్షేమ బిల్లును ఆపేశాడు. పిల్లలకు నెలనెలా వచ్చే సొమ్ము ఆగిపోయింది, వెస్ట్ వర్జీనియా పిల్లలతో సహా. ఆయన కుటుంబానిదీ బొగ్గు వ్యాపారమే లెండి. దానికి హాలీవుడ్ గాయని బెట్ మిడ్లర్‌కు ఒళ్ళు మండింది. మండి మాంచిన్‌ను తిట్టిందా? రాష్ట్రాన్ని తిట్టింది: దరిద్రులు, చదువులేనివాళ్ళు, మత్తుకు బానిసలు అనే అర్థంలో. తర్వాత క్షమాపణ చెప్పింది. దానికి జస్టిస్ గవర్నరుగారి సమాధానం 2022 జనవరిలో, శాసనసభ్యుల ముందు ఏటా చేసే ప్రసంగం చివర వచ్చింది. బేబీడాగ్‌ను చంకనెత్తుకుని, తిప్పి, దాని వెనకభాగం సభకు చూపించి, మిడ్లర్ అక్కడ ముద్దు పెట్టుకోవచ్చన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ పూట వెస్ట్ వర్జీనియా పేదవాడికి దక్కింది ఇదీ: ఒక పార్టీ అభిమాని అతన్ని చదువులేనివాడంది, ఒక పార్టీ నాయకుడు అతని తరఫున కుక్క ముడ్డి చూపించాడు. పిల్లల సొమ్ము సంగతి ఆ గొడవలో కొట్టుకుపోయింది. 2024లో జస్టిస్ సెనేటరుగా గెలిచాడు. మిల్వాకీలో రిపబ్లికన్ మహాసభ వేదిక మీద బేబీడాగ్‌కు వేరే కుర్చీ వేశారు.

ఇక 2025. ఫిబ్రవరి 15న మెక్‌డవెల్ కౌంటీని వరద ముంచింది, మనుషులు పోయారు. అంతకు మూడు వారాల ముందే ట్రంప్, వరదసాయం చేసే ఫెమా సంస్థనే ఎత్తేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నానన్నాడు. ఎత్తెయ్యాలనుకున్న సంస్థే వచ్చి చెక్కులు రాసింది. ఏప్రిల్ 8న శ్వేతసౌధంలో హెల్మెట్లు పెట్టుకున్న గని కార్మికులను వెనక నిలబెట్టుకుని బొగ్గుకు మళ్ళీ మహర్దశ అని ఉత్తర్వుల మీద సంతకాలు చేశాడు. ఆ నెలలోనే ఏం జరిగిందంటే, గని కార్మికుల ఊపిరితిత్తులు పరీక్షించే మోర్గన్‌టౌన్ కేంద్రంలో సిబ్బందికి ఉద్వాసన పలికారు, ఊపిరితిత్తులను రాయి చేసే సిలికా ధూళి మీద పెట్టిన కొత్త నిబంధన అమలును వాయిదా వేశారు. వేదిక మీదికి కార్మికుడి హెల్మెట్ కావాలి, దాని కింద ఉన్న మనిషి ఊపిరితో పనిలేదు. ఆ పరీక్షలు మళ్ళీ మొదలుపెట్టమని మే నెలలో ఆదేశించిన న్యాయమూర్తి ఐరీన్ బర్గర్. ఆవిడ పుట్టిందీ మెక్‌డవెల్ కౌంటీలోనే, నియమించింది ఒబామా. ఈ వాక్యాన్ని ఏ పార్టీవాడూ కరపత్రంలో వేసుకోలేడు.

అక్టోబరులో నిధుల బిల్లు తేలక ఫెడరల్ ప్రభుత్వం మూతబడింది. నవంబరు ఒకటిన దేశమంతా ఫుడ్ స్టాంపుల కార్డుల్లోకి సొమ్ము రాలేదు. తొలి కూపను పుట్టిన కౌంటీలో కూడా రాలేదు. మూడోవంతు జనం పేదరికపు గీత కింద ఉన్న కౌంటీ అది. ఆ వార్త వినగానే దూరాన ఉన్న ఉదారవాదుల్లో కొందరు "అనుభవించనీ, ఓటేశారుగా" అన్నారు. ఉదారత అంటే ఇదేనన్నమాట. ఓటు వేయని నాలుగేళ్ళ పిల్లకు కూడా అదే శిక్ష.

డాలస్ మనవాళ్ళ దగ్గరికి వద్దాం. 2019 సెప్టెంబరులో హ్యూస్టన్ స్టేడియంలో ట్రంప్ పక్కన మోదీని చూసి ఏభై వేలమంది చప్పట్లు కొట్టారు. ఆ చేతుల్లో తెలుగు చేతులు తక్కువేం కాదు. 2024లో జె.డి. వాన్స్ ఉపాధ్యక్షుడవుతాడనగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరిలో వడ్లూరుకు కెమెరాలు పరుగెత్తాయి, పూజలు జరిగాయి, మిఠాయిలు పంచారు. వాన్స్‌గారు పైకొచ్చింది ఇలాంటి కొండజనం బద్ధకం, బాధ్యతలేనితనం మీద పుస్తకం రాసి. తన మనుషుల దరిద్రాన్ని దేశానికి అమ్మి, ఆ మనుషుల ఓట్లతోనే గద్దెనెక్కాడు. 2025 సెప్టెంబరులో ఆ ప్రభుత్వమే కొత్త హెచ్1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. అమెరికా పల్లెల ఆసుపత్రుల్లో స్థానిక డాక్టర్లు ఉండనంటే వెళ్ళి పనిచేస్తున్నవాళ్ళలో మన డాక్టర్లు చాలామంది. ఇక వాళ్ళ తర్వాత వచ్చేవాడి తలకు లక్ష. అప్పుడు "ఇలా జరుగుతుందని అనుకోలేదండీ" అన్న మాట వెల్చ్‌లో కాదు, డాలస్‌లో వినిపించింది. 2024 మేలో కులం పరువు కోసం ఉద్యోగాలకు సెలవు పెట్టి, టిక్కెట్టుకు రెండు వేల డాలర్లు పోసి ఆంధ్రాకు దిగి ఓటేసి వెళ్ళిన పెద్దలు, కొండమీది ముసలి గని కార్మికుడు గుడ్డిగా ఓటేస్తాడని నవ్వుతుంటే, నవ్వు ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థం కాదు.

వెల్చ్ వాళ్ళను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. 1921 ఆగస్టు 1న ఇదే ఊరి కోర్టు మెట్ల మీద, కార్మికుల పక్షం నిలిచిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్‌ను కంపెనీల డిటెక్టివ్ ఏజెంట్లు పట్టపగలు కాల్చి చంపారు. ఆ నెలాఖరుకే దాదాపు పదివేలమంది గని కార్మికులు మెడలో ఎర్ర రుమాళ్ళు కట్టుకుని, తుపాకులు పట్టి బ్లెయిర్ కొండ మీదికి నడిచారు. అలాంటి వాళ్ళ మనవలు ఇప్పుడు ఓ న్యూయార్క్ భవనాల వ్యాపారి పేరున్న ఎర్ర టోపీ పెట్టుకుని, గని యజమానిని సెనేట్‌కు పంపారు. ఇది తప్పే, ఆ తప్పు వాళ్ళదే. కానీ ఆ వందేళ్ళలో యూనియన్‌ను నీరుగార్చినవాడెవడు, గనిని అమ్మినవాడెవడు, పని అడిగితే కూపనిచ్చి పొమ్మన్నవాడెవడు అనే పద్దు కూడా అదే పేజీలో రాయాలి.

మరో మాట. ట్రంప్ కంచుకోట అని మీరు పత్రికల్లో చదివే ఈ కౌంటీలో 2016లో ఆయనకు పడ్డవి ఐదు వేల లోపు ఓట్లు. హిల్లరీకి పదిహేను వందల లోపు. ఖైదీలను తీసేసినా, ఓటు హక్కున్న పెద్దవాళ్ళలో సగానికి పైగా ఎవరికీ వేయలేదు. గెలిచింది వాళ్ళే. వాళ్ళను ఇంటర్‌వ్యూ చేసినవాడు లేడు, ఎందుకంటే వాళ్ళకు టోపీ లేదు, జెండా లేదు, పశ్చాత్తాపపడటానికి ఓటే లేదు.

అందుకని వచ్చే ఎన్నికలకు వెల్చ్ ప్రయాణం కట్టే విలేఖరులకూ పండితులకూ ఒక్క విన్నపం. ఈసారి కాఫీ హోటల్లో ఆగకండి. రోడ్డువార కొండలోంచి పైపు వేసి ఉంటుంది, జనం ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు, వాళ్ళను అడగండి. బొగ్గు కంపెనీలు ఎప్పుడో వేసి వదిలేసిన గొట్టాలే ఇంకా చాలా ఊళ్ళకు దిక్కు కావడంతో, అక్కడ కుళాయి నీళ్ళు నమ్మి తాగేవాళ్ళు తక్కువ. పోతూ పోతూ కారులో రెండు పెట్టెల మంచినీళ్ళు వేసుకెళ్ళండి.